రెండున్నర లక్షల్లో నమ్మకమైన పాత కారు దొరుకుతుందా? ఎలా చూసుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఉప్పల్‌లో ఉంటున్నారు, ఇంట్లో మీరిద్దరూ ఇద్దరు పిల్లలూ. చేతిలో రెండున్నర లక్షలున్నాయి, అప్పు చేసే ఉద్దేశం లేదు. వారంలో రెండు మూడు రోజులు నగరంలో తిరగడానికి, నెలకోసారి సూర్యాపేట దగ్గరున్న ఊరికి వెళ్ళి రావడానికి కారు కావాలి. రెండు బేరాలు చూసి పెట్టుకున్నారు. ఒకటి మల్కాజిగిరిలో సొంతదారు అమ్ముతున్న 2013 వ్యాగన్‌ఆర్, 2 లక్షల 10 వేలు అడుగుతున్నారు. రెండోది ఒక డీలరు దగ్గరున్న 2014 డీజిల్ సెడాన్, 2 లక్షల 60 వేలు. ఏది కొనాలి, మోసపోకుండా ఏమేం చూసుకోవాలి అని అడిగారు.

ముందు జవాబు చెబుతాను. నమ్మకమైన కారు ఈ డబ్బుకు దొరుకుతుంది. డీజిల్ సెడాన్‌ను వదిలేయండి. వ్యాగన్‌ఆర్ పత్రాలు, బాడీ సరిగ్గా ఉంటే దాన్నే బేరం చేయండి. ఏ కారైనా సరే, ధర 2 లక్షలు దాటనివ్వకండి. మిగిలిన 50 వేలు మీకు మిగిలే డబ్బు కాదు, మొదటి మూడు నెలల్లో ఆ కారే అడిగి తీసుకునే డబ్బు.

నేను రామంతాపూర్‌లో చిన్న వర్క్‌షాప్ నడుపుతున్నాను. కొనబోయే కారు ఒకసారి చూసిపెట్టమని వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కొన్న తర్వాత తెచ్చేవాళ్ళు ఇంకా ఎక్కువ. ఆ రెండో రకం వాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఉన్న డబ్బంతా కారు ధరకే పోసేసి, టైర్లు అరిగిపోయి ఉన్నా మార్చలేక, అదే కారులో పిల్లలను ఎక్కించుకుని హైవే మీదికి వెళ్తుంటారు. అందుకే ఆ 50 వేల గురించి ఇంత గట్టిగా చెబుతున్నాను.

పది పన్నెండేళ్ళ చిన్న కారుకు రాగానే పట్టే ఖర్చు చూడండి. నాలుగు టైర్లు మార్చాల్సి వస్తే 15 వేల పైమాటే. బ్యాటరీ నాలుగైదు వేలు. క్లచ్ సెట్ పోయి ఉంటే కూలితో కలిపి ఎనిమిది నుంచి పన్నెండు వేలు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు కలిపి మొదటి సర్వీసుకు ఆరేడు వేలు. దీనికి పేరు మార్పు ఖర్చు, బీమా తోడవుతాయి. 2022లో ఖరారైన రేటు ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ (ఎదుటివారికి జరిగే నష్టానికి వర్తించే బీమా) ప్రీమియమే ఏడాదికి 2,094 రూపాయలు, పన్ను అదనం. ఇవన్నీ ఒక్క కారుకే రాకపోవచ్చు, కానీ సగం వచ్చినా 20 వేల దాకా కళ్ళముందే ఖర్చవుతాయి. ఏసీ కంప్రెసర్ కూడా చెడిపోతే 50 వేలూ అయిపోతాయి.

డీజిల్ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. ఉప్పల్ నుంచి సూర్యాపేట దగ్గరికి వెళ్ళి రావడం, దానికి నగరంలో తిరుగుడు కలిపితే మీకు నెలకు ఐదారు వందల కిలోమీటర్లు కావచ్చు. అంత తక్కువ తిరుగుడుకు డీజిల్‌లో మిగిలేది ఏమీ ఉండదు. మరోవైపు ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు, టర్బో వీటిలో ఏ ఒక్కటి మొరాయించినా బిల్లు పదివేలతో మొదలై ఎక్కడిదాకా పోతుందో చెప్పలేం. పైగా ఆ వయసు డీజిల్ సెడాన్లలో చాలా వాటిని బాగా తిరిగేవాళ్ళే కొని ఉంటారు. ట్యాక్సీగా నడిచి తర్వాత సొంత వాహనంగా మార్పించినవీ ఉంటాయి. నాచారం నుంచి ఒకాయన ఇలాంటి సెడానే కొని తెచ్చారు. మీటరు 78 వేలు చూపిస్తోంది. డ్రైవర్ సీటు కవర్ తీసి చూస్తే కింద స్పాంజి ఒక పక్కకు పూర్తిగా కుంగిపోయింది, క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలే లేవు, నున్నగా ఇనుము తేలింది. 78 వేల కిలోమీటర్లకు రబ్బరు అలా అరగదు. ఇంజెక్టర్లు, టర్బో రెండూ చేయించేసరికి కారు ధరలో మూడో వంతు అదనంగా పెట్టాల్సి వచ్చింది.

ఇక కారు చూసే పద్ధతి. అందరూ ముందు బానెట్ ఎత్తి ఇంజిన్ చూస్తారు. నేను చెప్పే వరుస వేరు: ముందు పత్రాలు, తర్వాత బాడీ, చివరికి ఇంజిన్. ఇంజిన్ చెడిపోతే డబ్బు పెట్టి బాగు చేయించుకోవచ్చు. చాసిస్ వంగినా, పేరు మారకపోయినా డబ్బు పెట్టినా కుదరదు.

పత్రాల సంగతి ఇంట్లో కూర్చునే సగం తేల్చుకోవచ్చు. కారు నంబరును ఎంపరివాహన్ యాప్‌లో కొట్టండి. ఎన్నో యజమాని, రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉంది, బీమా ఉందా, ఫైనాన్స్ ఇంకా నమోదై ఉందా అన్నీ కనిపిస్తాయి. తెలంగాణ పోలీసుల ఈ-చలానా సైట్‌లో బకాయిలు చూడండి. ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉంటే, అప్పు తీరిపోయిందన్న నోటి మాట చాలదు. బ్యాంకు ఇచ్చిన ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్‌సీలోంచి బ్యాంకు పేరు తీయించే ఫారం 35 సంతకాలతో చేతిలో ఉండాలి. అమ్మేవాళ్ళే ముందు హైపోథికేషన్ (ఆ అప్పు నమోదు) రద్దు చేయించి ఇస్తే ఇంకా మంచిది. ఆర్‌సీలో పేరున్న మనిషి, మీతో బేరం చేస్తున్న మనిషి ఒకరేనా అన్నది తప్పకుండా అడగండి. "ఓనర్ అమెరికాలో ఉన్నారండీ, సంతకాలు పెట్టిన ఫారాలు ఇచ్చి వెళ్ళారు" అంటే అక్కడితో ఆ బేరం వదిలేయండి. ధర ఎంత తగ్గించినా సరే.

నంబరు ప్లేటు కూడా ఒక కథ చెబుతుంది. టీఎస్, 2024 మార్చి తర్వాతి టీజీ నంబర్లకు ఇబ్బంది లేదు. 2014 జూన్‌కు ముందు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ఇచ్చిన ఏపీ 09, ఏపీ 28, ఏపీ 29 లాంటివీ ఇక్కడివే, వాటికీ భయపడనక్కర్లేదు. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరైన కారు, మహారాష్ట్ర, కర్ణాటక కార్లు అయితే లెక్క మారుతుంది. అక్కడి రవాణా శాఖ ఎన్‌వోసీ తెచ్చుకుని ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టి కొత్త నంబరు వేయించుకోవాలి. వేరే రాష్ట్రపు నంబరుతో పన్నెండు నెలలు దాటి ఇక్కడ తిప్పకూడదని చట్టం చెబుతోంది. ఢిల్లీ నంబరు డీజిల్ కార్లు చవగ్గా కనిపించడానికి కారణం, అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ వాహనాలపై ఏళ్ళ తరబడి నడిచిన ఆంక్షలు. చవక ధరకు పన్ను, రవాణా, పత్రాల ఖర్చు కలిపాక మిగిలేది చాలా తక్కువ.

మరో లెక్క, మీ వ్యాగన్‌ఆర్‌కు బాగా వర్తించేది. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకు ముగుస్తుంది. 2013 కారుకు ఆ గడువు 2028. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. రెన్యువల్ ఫీజు కూడా 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. కారు బాగుంటే ఇదేమీ అడ్డంకి కాదు. కానీ 2 లక్షల 10 వేలు ఎక్కువని చెప్పడానికి మీకు న్యాయమైన కారణం ఇదే.

బీమా పత్రంలో చాలామంది చూడని ఒక గడి ఉంటుంది: నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. అది 50 శాతం ఉంటే వరుసగా ఐదేళ్ళు క్లెయిమ్ చేయలేదని అర్థం. సున్నా ఉంటే నిరుడు క్లెయిమ్ జరిగి ఉండొచ్చు, లేదా బీమా మధ్యలో ఆగిపోయి ఉండొచ్చు. ఎందుకో అడగండి. కారు అధీకృత సర్వీస్ సెంటర్‌కు వెళ్ళినదైతే యజమానిని వెంటబెట్టుకుని వెళ్ళి సర్వీసు చరిత్ర తీయించండి. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అక్కడ వరుసగా ఉంటుంది. మీటరు వెనక్కి తిప్పి ఉంటే అక్కడే దొరికిపోతుంది.

బాడీ దగ్గరికి వద్దాం. నేను ఎక్కువ సేపు గడిపేది ఇక్కడే. చిన్న గీతలు, బంపర్ మీద సొట్టలు పట్టించుకోకండి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో పదేళ్ళు తిరిగిన కారుకు అవి లేకపోతేనే నాకు అనుమానం. తలుపులు తెరిచి చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌ను మెల్లగా లాగండి. లోపల ఫ్యాక్టరీలో వేసిన స్పాట్ వెల్డింగ్ గుండ్రటి గుర్తులు సమాన దూరంలో కనిపించాలి. ఒక పక్క కనిపించి రెండో పక్క మాయమైతే ఆ పక్క పిల్లర్‌కు (తలుపు పక్క నిలువు స్తంభానికి) టింకరింగ్, అంటే రేకు సరిచేసే పని, జరిగింది. బానెట్ ఎత్తి హింజ్‌ల బోల్టులు చూడండి. తలల మీద పెయింట్ చెక్కుకుపోయి ఉంటే బానెట్ విప్పారని గుర్తు. హెడ్‌లైట్ల వెనక అటూ ఇటూ ఉండే ఏప్రాన్ లోహం ముడతలు పడి ఉంటే ముందు నుంచి గట్టి దెబ్బ తగిలింది. డిక్కీలో మ్యాట్ తీసి స్టెప్నీ బయటపెట్టి ఆ గుంత అడుగు చూడండి, వెనక నుంచి గుద్దించుకున్న కారైతే ఆ దెబ్బ అక్కడ దాగదు. అద్దాల మీద తయారీ సంవత్సరం అచ్చు ఉంటుంది. ఐదు అద్దాలు 2013వి, ఒక్కటి 2019ది అయితే ఆ పక్క ఏం జరిగిందో అడగాలి.

వరద నీళ్ళలో మునిగిన కారును ఎంత చవకైనా కొనకండి. 2020 అక్టోబరు వానలకు మన నగరంలోనే కాలనీలకు కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో ఖమ్మం, విజయవాడ, అంతకు ముందు 2023 డిసెంబరులో చెన్నై. ఇలాంటి ఊళ్ళలో మునిగిన కార్లన్నీ తుక్కుకు పోవు, కడిగి ఆరబెట్టి మళ్ళీ అమ్మకానికి వస్తాయి. ఒక జంట నా దగ్గరికి తెల్లటి స్విఫ్ట్ తెచ్చారు. పెయింట్ అద్దంలా ఉంది, లోపల కొత్త సీటు కవర్లు, మంచి సువాసన. నేను డ్రైవర్ సీట్ బెల్టును చివరికంటా లాగాను. రోజూ బయట ఉండే భాగం నల్లగా శుభ్రంగా ఉంది. చుట్టలో లోపల ఉండిపోయే చివరి మూరెడు మాత్రం మట్టిరంగు, అంచున సన్నటి బురద గీత. సీటు ముందుకు జరిపితే కింద పట్టాల మీద తుప్పు, బోల్టు గాడుల్లో ఎండిన ఒండ్రు. అడ్వాన్సు కట్టకుండా వచ్చారు కాబట్టి బయటపడ్డారు. మునిగిన కారు ఆ రోజుకు బాగానే నడుస్తుంది. ఆరు నెలలకు ఒక్కో వైరు కనెక్టర్ పచ్చబారడం మొదలవుతుంది, అప్పుడు ఏ మెకానిక్కూ వేలు పెట్టి ఇదీ లోపమని చూపలేడు. ఎయిర్‌బ్యాగు అవసరమైన రోజు తెరుచుకుంటుందన్న నమ్మకం కూడా ఉండదు.

ఇంజిన్ విషయంలో మొదటి షరతు, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయాలి. పొద్దున్నే వెళ్ళండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, ఇంకో రోజు వస్తామని చెప్పండి. చల్లటి ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కు అందుకోవాలి. సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. తెల్లపొగ చలి ఉదయాన కాసేపు రావడం సహజం, వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందని, హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజిన్ పై భాగాన్ని బిగించే సీల్‌ను) అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. కొద్దిపాటి ఆవిరి మామూలే, బుసబుసమని పొగ తన్నుకొస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయి. మూత అడుగున మీగడలాంటి తెల్లటి జిగట పట్టి ఉంటే ఆయిల్‌లో నీళ్ళు కలుస్తున్నాయేమో చూడాలి.

నడిపి చూడటానికి కాలనీలో ఒక చుట్టు చాలదు. గంటసేపు అడగండి, ఇవ్వనంటే ఎందుకివ్వరో ఆలోచించండి. మొదట ఏసీ వేసి ట్రాఫిక్‌లో నిలిపి టెంపరేచర్ చూడండి. మన ఎండలకు రేడియేటర్ ఫ్యాన్ సత్తా అక్కడే తేలుతుంది. తర్వాత బంజారాహిల్స్, ఫిల్మ్‌నగర్ లాంటి ఎత్తు రోడ్డు మీద నలుగురిని కూర్చోబెట్టుకుని సగం ఎత్తులో ఆపి మళ్ళీ కదిలించండి. ఇంజిన్ రొద పెరిగి బండి కదలకపోతే క్లచ్ జారుతోంది. ఆ తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక ఎగ్జిట్ నుంచి ఇంకో ఎగ్జిట్ దాకా, 80 వేగంలో. స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగ్ కావచ్చు, అది చిన్న పని. రోడ్డు ఖాళీగా ఉన్నచోట, వేగం తగ్గించాక స్టీరింగ్ పట్టు కొంచెం సడలించి చూడండి. బండి ఒక పక్కకు లాగుతుంటే, అలైన్‌మెంట్ చేయించాక కూడా లాగుతుంటే, చాసిస్ సంగతి మళ్ళీ చూడాలి.

ఇన్ని మీరొక్కరే చూడనక్కర్లేదు. తెలిసిన మెకానిక్‌కు వెయ్యి, పదిహేను వందలు ఇచ్చి తీసుకెళ్ళండి. అమ్మేవాళ్ళు సూచించిన మెకానిక్ మాత్రం వద్దు.

ఏ మోడల్ అన్నది నా దృష్టిలో ఆ తర్వాతి ప్రశ్న. అయినా అడిగారు కాబట్టి: మీ బడ్జెట్‌లో వ్యాగన్‌ఆర్, ఆల్టో కే10, ఐ10, సెలేరియో. ఇవన్నీ ఏ వీధి మెకానిక్కైనా చేయగలిగిన కార్లు. రాణిగంజ్‌లో విడిభాగాలు దొరకనిదంటూ ఉండదు. వ్యాగన్‌ఆర్, కే10లలోని కే-సిరీస్ ఇంజిన్‌కు టైమింగ్ చెయిన్ (వాల్వులను ఇంజిన్‌తో జతగా నడిపే గొలుసు) ఉంటుంది, అది నాకు నచ్చే విషయం. ఐ10లో 1.1 ఇంజిన్‌కు అదే పని చేసే టైమింగ్ బెల్ట్. అది ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే, మార్పించే ఖర్చు ధరలోంచి తీసేయండి. అది తెగితే వాల్వులు వంగి పెద్ద ఖర్చు పడే ప్రమాదం ఉంది. ఐ10 లోనే 1.2 కప్పా ఇంజిన్‌కు చెయిన్ ఉంటుంది. షెవర్లే 2017లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో తయారీ ఆపింది, డాట్సన్ 2022లో వెళ్ళిపోయింది. ఇవి అదే ధరకు పెద్దగా, కొత్తగా దొరుకుతాయి. వాటిలో మంచి కార్లు ఉన్నాయి కూడా. కానీ మొదటిసారి కొంటున్న, చేతిలో అదనపు డబ్బులేని కుటుంబానికి నేను సిఫారసు చేయను.

పిల్లలున్నారు కాబట్టి ఇంకో మాట. మన దేశంలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) అన్ని కార్లకూ తప్పనిసరి అయింది 2019లోనే. 2013 నాటి చిన్న కార్లలో కింది వేరియంట్లకు ఇవేవీ ఉండవు. పది పదిహేను వేలు ఎక్కువైనా ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ ఉన్న వేరియంట్ దొరికితే దానికే వెళ్ళండి. అల్లాయ్ వీల్స్‌కు, టచ్ స్క్రీన్‌కు ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వకండి. వెనక సీటు బెల్టులు అన్నీ పట్టుకుంటున్నాయో లేదో అక్కడే వేసి చూడండి. చాలా కార్లలో అవి సీటు కింద నలిగి పనికిరాకుండా పోయి ఉంటాయి.

డీలరు దగ్గర కొనకూడదని నేననను. వారంటీ రాతపూర్వకంగా ఇచ్చి, పేరు మార్చి ఇచ్చే సంస్థలున్నాయి. అయితే వాటి లాభం, వారంటీ ఖర్చు ధరలోనే ఉంటాయి కనుక మీ బడ్జెట్‌లో అక్కడ దొరికేవి తక్కువ. రోడ్డు పక్క షెడ్డులో అమ్మేవారి దగ్గరికి వెళ్తే రవాణా శాఖ ఇచ్చిన అధికార పత్రం చూపమనండి. పాత వాహనాల డీలర్లకు 2023 ఏప్రిల్ నుంచి అది ఉండాలన్న నిబంధన వచ్చింది.

డబ్బు ఇచ్చే దగ్గర తొందరపడకండి. బయానా ఐదు వేలు మించకుండా, రసీదు రాయించుకుని ఇవ్వండి. మిగతాది బ్యాంకు ద్వారా. యజమాని సంతకాలతో పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30, ఒరిజినల్ ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, రెండో తాళంచెవి తీసుకోండి. డెలివరీ నోట్ మీద తేదీతో పాటు గంట కూడా రాయండి, నిన్నటి చలానా ఎవరిదో రేపు వాదన రాకుండా. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మిన కారు సంగతి అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి. బీమా కూడా 14 రోజుల్లోపు మీ పేరుకు మార్చుకోండి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ఆ తేడా కట్టాల్సి ఉంటుంది.

పేరు మార్పు అమ్మేవారికీ అంతే అవసరం. అమ్మేసిన కారు ప్రమాదం చేసినా, రికార్డులో ఎవరి పేరుంటే వారే పరిహారానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. ఈ మాట మల్కాజిగిరి యజమానికి మర్యాదగా చెప్పండి. రవాణా శాఖ స్లాట్ కలిసి బుక్ చేసుకుందామని, పేరు మారేదాకా పది పదిహేను వేలు నిలిపి ఉంచుతామని అడగండి. నిజాయితీగా అమ్మేవాళ్ళు సాధారణంగా ఒప్పుకుంటారు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. ఈ రోజే వ్యాగన్‌ఆర్ నంబరు అడిగి యాప్‌లో చూడండి. ఒకరిద్దరు యజమానుల కారే అయి, ఫైనాన్స్ లేకుండా ఉంటే, ఆదివారం పొద్దున ఏడింటికి వస్తామని, అప్పటిదాకా స్టార్ట్ చేయవద్దని చెప్పండి. సర్వీసు బిల్లులు తీసి పెట్టమనండి. బాడీ, ఇంజిన్ రెండూ నిలబడితే లక్షా 80 దగ్గర బేరం మొదలుపెట్టండి, టైర్లు అరిగి ఉంటే ఇంకొంచెం కింద. టైరు పక్కన చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2318 అంటే 2018లో 23వ వారం. ఆరేళ్ళు దాటిన టైర్లకు గాడి ఎంత ఉన్నా మార్చాల్సిందే, సూర్యాపేట ప్రయాణానికి ముందే మార్చండి. బేరం కుదరకపోతే దిగులుపడకండి, ఇలాంటి కార్లు నగరంలో ఎప్పుడూ అమ్మకానికి వస్తూనే ఉంటాయి. చూసొచ్చాక అద్దాల మీది సంవత్సరాలు, నో క్లెయిమ్ శాతం, టైర్ల అంకెలు ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.